ముక్క పరీక్ష ఇచ్చి 11 రోజులు, ఫైనల్ రిపోర్ట్ ఇంకా రాలేదు. అసలు పాథాలజిస్ట్ ఏం చేస్తారు?

నిద్రపట్టని_అక్క:

అందరికీ నమస్కారం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మా తమ్ముడికి 24 ఏళ్ళు. రెండున్నర నెలల కింద మెడకి ఎడమ పక్క, భుజం ఎముకకి కాస్త పైన బిళ్ళ కట్టింది. నొప్పి లేదు, పట్టుకుంటే రబ్బరు ముక్కలా ఉంది. మొదట పంటి ఇన్ఫెక్షన్ వల్ల అనుకుని యాంటీబయోటిక్స్ ఇచ్చారు, తగ్గకపోగా దాని పక్కనే ఇంకోటి లేచింది. సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలకి దిండు తడిసిపోతోంది, ప్యాంట్లన్నీ వదులైపోయాయి. అప్పుడు సూది పరీక్ష చేశారు, అదే ఎఫ్ఎన్ఏసీ అంటారు కదా, అందులో గ్రాన్యులోమాలు ఉన్నాయి, కొన్ని అటిపికల్ సెల్స్, అంటే మామూలుగా లేని సెల్స్ కూడా ఉన్నాయి, బిళ్ళ మొత్తం తీసి బయాప్సీ చేయించండి అని వచ్చింది. సరే అని సర్జన్ దగ్గర చిన్న ఆపరేషన్ చేయించి తీయించాం.

అది తీసి ఇవాళ్టికి 11 రోజులు. 5వ రోజు ఒక రిపోర్ట్ ఇచ్చారు కానీ అది ఫైనల్ కాదట. గ్రాన్యులోమాలు ఉన్నాయి, మధ్యమధ్యలో పెద్ద పెద్ద అటిపికల్ సెల్స్ ఉన్నాయి, జీల్ నీల్సన్ స్టెయిన్‌లో టీబీ బ్యాక్టీరియా కనపడలేదు, ఐహెచ్‌సీ అయ్యాక ఫైనల్ ఒపీనియన్ ఇస్తాం, క్లినికల్ కోరిలేషన్ అవసరం, అని రాశారు. కింద ఒక సంతకం, పాథాలజిస్ట్ అని. ఆవిడ మా తమ్ముడిని ఒక్కసారి కూడా చూడలేదు. మా బంధువు ఒకాయన గ్రాన్యులోమా అంటే టీబీయే, ఇంకా ఎందుకు ఆగడం, మందులు మొదలెట్టించేయండి అంటున్నారు. అమ్మ కూడా అదే అంటోంది. మా డాక్టర్ గారు మాత్రం పాథాలజీ ఫైనల్ వచ్చేదాకా ఏ మందూ ఇవ్వను అని కూర్చున్నారు.

నాకు అర్థం కానిది ఏంటంటే, మనిషిని చూడకుండా జబ్బు ఎలా చెప్తారు, ల్యాబ్ అంటే మెషీన్ కదా, అందులో పెడితే రిపోర్ట్ రావాలి కదా, ఇన్ని రోజులు ఎందుకు? ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది అంటున్నారు. క్లినికల్ కోరిలేషన్ అంటే మాకు తెలియలేదు, మీరే చూసుకోండి అనా? వేరే చోట చూపిస్తే వీళ్ళకి కోపం వస్తుందా? వాడి ముందు ధైర్యంగా ఉంటున్నాను కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.


స్లైడ్_చదివే_డాక్టర్:

అమ్మా, నేను పాథాలజిస్ట్‌ని, అంటే ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు తేల్చే డాక్టర్‌ని, 16 ఏళ్ళుగా ఇదే పని. మీ తమ్ముడి స్లైడ్ నేను చూడలేదు కాబట్టి జబ్బు పేరు నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన ఆ నాలుగు మాటల్లో ఆ డాక్టర్ ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో నాకు కనిపిస్తోంది, అది మాత్రం చెప్తాను.

గ్రాన్యులోమా అనేది జబ్బు పేరు కాదు. శరీరానికి లొంగని శత్రువు ఏదో ఉన్నప్పుడు రక్షణ సెల్స్ దాని చుట్టూ గుంపుగా చేరి గోడ కట్టేస్తాయి, ఆ గుంపు పేరే గ్రాన్యులోమా. టీబీలో అది బాగా కనిపిస్తుంది నిజమే, మధ్యలో పెరుగు విరిగినట్టు చచ్చిపోయిన భాగం కూడా ఉంటే టీబీ అనుమానం ఇంకా బలపడుతుంది. కానీ సార్కాయిడోసిస్‌లో ఉంటుంది, కొన్ని ఫంగస్ ఇన్ఫెక్షన్లలో ఉంటుంది, పిల్లి గీరితే వచ్చే ఒక ఇన్ఫెక్షన్‌లో ఉంటుంది, చివరికి కొన్ని లింఫోమాల్లో, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్లలో కూడా క్యాన్సర్ సెల్స్ పక్కనే గ్రాన్యులోమాలు ఉంటాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గ్రాన్యులోమా కనపడగానే టీబీ అని రాసేస్తే, ఆ మధ్యలో దాక్కున్న పెద్ద సెల్స్ మీదికి కన్ను పోదు. పేషెంట్ నెలల తరబడి టీబీ మందులు మింగుతాడు, బిళ్ళలు పెరుగుతూనే ఉంటాయి.

ఇది కొత్త సమస్య కాదు, అందుకే చిన్న కథ చెప్తాను. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ అనే డాక్టర్ చనిపోయినవాళ్ళ శరీరాలు పరీక్ష చేస్తూ లింఫ్ గ్రంథులు వాచే ఒక జబ్బుని వర్ణించాడు. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్ ఆ గ్రంథుల్లో వింత పెద్ద సెల్స్‌ని మైక్రోస్కోప్ కింద వివరంగా చూసి రాశాడు, కానీ ఇది టీబీలోనే ఒక రకం అనుకున్నాడు. 1902లో డొరొతీ రీడ్ అనే యువ డాక్టర్ అవే సెల్స్ బొమ్మలు గీసి, ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని వాదించింది. ఆమె మాటే నిలిచింది. ఇవాళ్టికీ ఆ సెల్‌ని రీడ్ స్టెర్న్‌బర్గ్ సెల్ అంటాం. రెండు న్యూక్లియస్‌లు పక్కపక్కన, ఒక్కోదాని మధ్యలో పెద్ద చుక్క, అచ్చం గుడ్లగూబ మన వైపు చూస్తున్నట్టు ఉంటుంది. నూట పాతికేళ్ళ కింద వాళ్ళిద్దరి మధ్య ఉన్న ప్రశ్నే ఇప్పుడు మీ తమ్ముడి స్లైడ్ ముందు కూర్చున్న డాక్టర్ ముందు కూడా ఉందేమో అని నాకు అనిపిస్తోంది. అలాంటి సెల్స్ ఒక్కోసారి వైరస్ ఇన్ఫెక్షన్‌లో కూడా కనిపిస్తాయి, అందుకే చూడగానే పేరు పెట్టకుండా ఐహెచ్‌సీకి, అంటే ఆ సెల్స్ ఏ రకమో యాంటీబాడీలతో తేల్చే పరీక్షకి పంపారు. మీకు ఆలస్యంలా కనిపిస్తున్నది నాకు జాగ్రత్తలా కనిపిస్తోంది.

సూదితోనే ఎందుకు తేలలేదు అని కూడా చాలామంది అడుగుతారు. సూదితో వచ్చేవి విడివిడి సెల్స్. కూల్చేసిన ఇంటి ఇటుకలు కొన్ని చేతిలో పెట్టి ఇల్లు ఎలా ఉండేదో చెప్పమంటే ఎంతవరకు చెప్పగలం? లింఫ్ గ్రంథికి లోపల ఒక అమరిక ఉంటుంది, అది చెదిరిందా లేదా అన్నది మొత్తం గ్రంథి చూస్తేనే తెలుస్తుంది. పైగా హాడ్జ్‌కిన్ లాంటి జబ్బులో అసలు క్యాన్సర్ సెల్స్ మొత్తం ముక్కలో నూటికి ఒకటో రెండో ఉంటాయి, మిగతావన్నీ మామూలు లింఫోసైట్లు, ఈసినోఫిల్స్, ప్లాస్మా సెల్స్. సూది ఆ ఒక్కదాన్ని పట్టుకోకపోతే ఏమీ లేదనుకుంటాం. ఆ సూది పరీక్ష చూసినవాళ్ళు కొన్ని అటిపికల్ సెల్స్ అని రాసి పెద్ద ముక్క అడిగారు చూడండి, అది చాలా మంచి పని.

ఇంక క్లినికల్ కోరిలేషన్ మాట. అది చేతులు దులుపుకోవడం కాదమ్మా. నాకు స్లైడ్ మీద కనిపించేది, మీ డాక్టర్‌కి మనిషిలో కనిపించేది, స్కాన్‌లో కనిపించేది, మూడూ ఒకే మాట చెప్తున్నాయా అని కూర్చుని చూసుకోమని దాని అర్థం. మూడూ కలవకపోతే ఎక్కడో తప్పు జరుగుతోందని, రిపోర్ట్ ఇంకోసారి చూడాలని. చర్మం ముక్కలయితే మరీనూ, రెండు మూడు వేరు వేరు జబ్బులు మైక్రోస్కోప్ కింద దాదాపు ఒకేలా ఉంటాయి, దద్దుర్లు ఎక్కడ వచ్చాయి, ఎన్నాళ్ళయింది, ఏ మందులు వాడుతున్నారు అని తెలియకపోతే నేను సగమే చెప్పగలను.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ముక్కతో పాటు ల్యాబ్‌కి ఒక ఫారం వెళ్ళి ఉంటుంది, అందులో పేషెంట్ వివరాలు అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాశారో కనుక్కోండి. జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, సూది పరీక్ష రిపోర్ట్, ఇవి ఉన్నాయా లేదా. మాకు వచ్చే ఫారాల్లో చాలావాటిలో వయసు, మగా ఆడా, మెడ వాపు, అంతే ఉంటుంది. నేను మనిషిని చూడలేను, ఆ గడి ఒక్కటే నాకు కిటికీ.


మైక్రోటోమ్_మనిషి:

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. అక్కా, మెషీన్‌లో పెడితే రిపోర్ట్ రావాలి కదా అన్నారు, ఆ ముక్క ఎన్ని చేతులు మారుతుందో చెప్పాలనిపించి రాస్తున్నా.

ఆపరేషన్ థియేటర్ నుంచి ముక్క ఫార్మలిన్‌లో వస్తుంది. ఫార్మలిన్ లోపలికి ఇంకడం చాలా నెమ్మది, గంటకి సుమారు ఒక మిల్లీమీటర్ అనుకోండి, అందుకే డాక్టర్ దాన్ని సన్నగా కోసి, కొలతలు రాసి, ఏ భాగం ఏ డబ్బాలో పెట్టాలో చెప్తారు. దాన్ని గ్రాసింగ్ అంటాం. చాలామందికి తెలియదు కానీ ఇక్కడే సగం పని అయిపోతుంది, ఎందుకంటే పెద్ద ఆపరేషన్ ముక్క అయితే దాన్నంతా స్లైడ్ చేయలేం, ఎక్కడ కోయాలో తెలిసిన కన్ను కావాలి. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయితే ఆ కొవ్వులో వెతికి వెతికి కనీసం 12 లింఫ్ గ్రంథులు పట్టుకోవాలి, అన్ని దొరక్కపోతే స్టేజ్ మీద నమ్మకం తగ్గుతుంది. డాక్టర్ గారు వేళ్ళతో ఆ కొవ్వుని నలుపుతూ గంటసేపు నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను.

తర్వాత రాత్రంతా ఆల్కహాల్‌లో నీళ్ళు లాగించి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనం ఎక్కిస్తాం. పొద్దున దాన్ని మైనపు బ్లాక్‌గా పోసి మైక్రోటోమ్ మీద 3, 4 మైక్రాన్ల మందంలో కోస్తాం. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు అది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి, ముడత లేకుండా గాజు స్లైడ్ మీదకి ఎత్తుకోవాలి. అప్పుడు రంగులు. హెమటాక్సిలిన్‌తో న్యూక్లియస్ నీలంగా, ఇయోసిన్‌తో మిగతాది గులాబీగా వస్తుంది. హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుంచి తీసే రంగు, అన్ని మెషీన్లు వచ్చినా ఇప్పటికీ అదే.

ఐహెచ్‌సీ అంటే అదే బ్లాక్ నుంచి ఇంకా పది పన్నెండు ముక్కలు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో యాంటీబాడీ వేయడం. ఆ సెల్ మీద ఆ ప్రోటీన్ ఉంటే యాంటీబాడీ అతుక్కుని గోధుమ రంగు వస్తుంది. పక్కన కంట్రోల్ స్లైడ్ కూడా పెడతాం, కంట్రోల్‌లో రంగు సరిగ్గా రాకపోతే ఆ రోజు పని అంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి. మీ వాళ్ళకి అలా ఒకసారి రిపీట్ అయినా రెండు రోజులు పోతాయి. ఎముక ముక్క అయితే ముందు కాల్షియం కరిగించాలి, దానికే రోజులు పడుతుంది.

నేను ముక్కని ఎప్పుడూ నంబర్‌తోనే చూస్తాను, కానీ కోసే ముందు ఫారం మీద వయసు చూడటం నాకు అలవాటు. చిన్న వయసు అయితే ఆ రోజు బ్లేడ్ కొత్తది వేస్తాను. అందరికీ వేయాల్సిందే అనుకోండి, అయినా.


నిద్రపట్టని_అక్క:

డాక్టర్ గారూ, తమ్ముడూ, ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మీరు చెప్పినట్టు ఈ పొద్దున సర్జన్ గారి దగ్గర ఫారం కాపీ అడిగాను. అందులో "24, మగ, మెడ వాపు, టీబీనా?" అంతే. జ్వరం లేదు, చెమటలు లేవు, బరువు లేదు, సూది పరీక్ష ఎక్కడ చేశారో కూడా లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు, ఆరోజు హడావుడిలో మేం కూడా ఏమీ అడగలేదు.

ల్యాబ్‌కి ఫోన్ చేసి భయపడుతూనే డాక్టర్ గారితో మాట్లాడొచ్చా అని అడిగాను. పావుగంటలో ఆవిడే తిరిగి చేశారు! అన్నీ అడిగారు, బరువు ఎన్ని కేజీలు తగ్గాడు, ఎన్ని నెలల్లో, వొళ్ళు దురద ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, ఏమైనా స్టెరాయిడ్ వాడారా. సూది పరీక్ష స్లైడ్లు కూడా తెచ్చివ్వమన్నారు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారట. ఇంకా రెండు యాంటీబాడీలు వేస్తున్నాను, ఎల్లుండికి చెప్తాను అన్నారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆవిడకి మా తమ్ముడి పేరు గుర్తుంది.


ప్లేట్‌లెట్_భయం:

మీ పోస్ట్ చదువుతుంటే నా సంగతి గుర్తొచ్చి రాస్తున్నా, ఇది ముక్క పరీక్ష కాదు, మామూలు రక్త పరీక్ష. నిరుడు వేరే చిన్న ఆపరేషన్ కోసం టెస్టులు చేస్తే నా ప్లేట్‌లెట్లు 21 వేలు అని వచ్చింది, మామూలుగా లక్షన్నర పైన ఉండాలి కదా. వొంట్లో ఏ ఇబ్బందీ లేదు, చిగుళ్ళలో రక్తం లేదు, మచ్చలు లేవు. అయినా ఆపరేషన్ ఆపేసి ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, ఎముక మూలుగ పరీక్ష చేయాలి అని మాట్లాడుకుంటున్నారు, మా ఆవిడ ఏడుపు.

అప్పుడు ఆ ల్యాబ్‌లో పాథాలజిస్ట్ ఒక చుక్క స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూశారు. ప్లేట్‌లెట్లు బోలెడన్ని ఉన్నాయి, కాకపోతే గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. రక్తం గడ్డ కట్టకుండా ట్యూబ్‌లో ఈడీటీఏ అనే మందు ఉంటుంది, కొద్దిమంది రక్తంలో ఆ మందు తగిలితే ప్లేట్‌లెట్లు అతుక్కుపోతాయట, మెషీన్ ఆ గుంపుని ప్లేట్‌లెట్ అనుకోదు, లెక్కలో వదిలేస్తుంది. సిట్రేట్ ఉన్న వేరే ట్యూబ్‌లో మళ్ళీ తీస్తే 2 లక్షల 30 వేలు! నాకు అసలు జబ్బే లేదు. ఆ జబ్బంతా ట్యూబ్‌లోనే ఉంది. అప్పటి నుంచి ఎక్కడ రక్తం ఇచ్చినా ముందే చెప్తున్నాను, నా రిపోర్ట్ కాగితం పర్సులోనే పెట్టుకుంటాను.

కాబట్టి అక్కా, మెషీన్ చెప్పిన నంబర్ వెనక చూసే కన్ను ఒకటి ఉండాలి.


నాన్నకోసం:

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, మా అనుభవం వేరు, అది కూడా ఇక్కడ ఉండాలి అనిపించింది. మా నాన్నగారికి ప్రోస్టేట్ బయాప్సీలో గ్లీసన్ 3+3=6 అని ఇచ్చారు. తక్కువ రకం, ఇప్పుడే ఏమీ అక్కర్లేదు, గమనిస్తూ ఉందాం అన్నారు. 8 నెలలు నిశ్చింతగా ఉన్నాం. తర్వాత వేరే డాక్టర్ అవే స్లైడ్లు వేరే పాథాలజిస్ట్‌కి చూపిస్తే 4+3=7 అన్నారు. అదే గాజు, అదే ముక్క. రేడియేషన్ ఇప్పించాం, ఇప్పుడు బాగానే ఉన్నారు, కానీ ఆ 8 నెలలు తలుచుకుంటే కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది. కన్ను ఒక్కటే అయితే ఆ కన్ను తప్పు చూస్తే ఎవరు చెప్తారు? ఇది గొడవ కోసం కాదు, నిజంగా అడుగుతున్నా.


స్లైడ్_చదివే_డాక్టర్:

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న సార్, మీ నాన్నగారు బాగున్నారని విని సంతోషం. తప్పులు జరుగుతాయి. నా వల్ల కూడా జరిగాయి, ఒకటి ఇప్పటికీ మర్చిపోలేదు.

గ్లీసన్ అనేది 1966లో డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి. గ్రంథుల ఆకారం ఎంత చెదిరింది అన్నది చూసి నంబర్ ఇస్తాం, ఎక్కువగా ఉన్న రకం ముందు, తర్వాతది వెనక. అందుకే 3+4, 4+3 రెండూ కూడితే 7 అయినా ఒకటి కాదు, రెండోది గట్టిది. ఈ తికమక పోవాలనే 2014లో 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూపులు అని తెచ్చారు. కానీ 3కి 4కి మధ్య గీత ఎక్కడ అన్న దగ్గర అనుభవం ఉన్న ఇద్దరు కూర్చున్నా ఒక్కోసారి వేరు మాట చెప్తారు. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పరీక్ష కూడా అంతే, 0, 1 అంటే నెగెటివ్, 3 అంటే పాజిటివ్, మధ్యలో 2 వస్తే మా కన్ను మీద వదిలేయకుండా ఫిష్ అనే జీన్ పరీక్ష చేసి తేల్చాలి అని పెట్టారు. అంటే కన్ను ఎక్కడ తడబడుతుందో మా వాళ్ళకి తెలుసు, తెలిసిన చోటల్లా ఇంకో మెట్టు కట్టుకుంటూ వచ్చారు. కష్టమైన కేస్ అయితే పక్క గదిలో ఉన్నవాళ్ళని పిలిచి రెండు తలల మైక్రోస్కోప్ దగ్గర ఇద్దరం కలిసి చూస్తాం.

ఏఐ గురించి అక్క అడిగారు, మధ్యలో వదిలేశాను. స్లైడ్ మొత్తాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో చూడటం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. 2021లో ప్రోస్టేట్ బయాప్సీల కోసం ఒక సాఫ్ట్‌వేర్‌కి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. అది ఇక్కడ అనుమానంగా ఉంది, ఇంకోసారి చూడు అని పాథాలజిస్ట్‌కి వేలు పెట్టి చూపిస్తుంది, నిర్ణయం మనిషిదే. అలసిపోయిన సాయంత్రం అలాంటిది పక్కన ఉంటే నాకు ఇష్టమే.

సెకండ్ ఒపీనియన్ విషయం అందరికీ చెప్తున్నా, దయచేసి గుర్తు పెట్టుకోండి. అడిగితే మాకు కోపం రాదు, వచ్చేవాళ్ళు ఉంటే అది వాళ్ళ సమస్య. మైనపు బ్లాకులు మామూలు గదిలోనే ఏళ్ళ తరబడి పాడవకుండా ఉంటాయి. వేరే చోట చూపించాలంటే రిపోర్ట్ కాగితం ఒక్కటే తీసుకెళ్తే లాభం లేదు, స్లైడ్లూ బ్లాకులూ అడిగి రాయించుకుని తీసుకెళ్ళండి, అవి మళ్ళీ తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది. పెద్ద ఆపరేషన్, కీమో, రేడియేషన్ మొదలుపెట్టే ముందు, అరుదైన జబ్బు పేరు వచ్చినప్పుడు, రిపోర్ట్‌కీ మనిషికీ పొంతన కుదరనప్పుడు తప్పకుండా అడగండి.


వార్డు_డాక్టర్:

నేను జనరల్ మెడిసిన్. ఇటు వైపు నుంచి రెండు మాటలు. అక్కా, మీ డాక్టర్ ఏ మందూ ఇవ్వకుండా ఆగారు అన్నారు, ఆయన్ని గట్టిగా పట్టుకోండి. ఇలాంటి బిళ్ళకి రోగం తేలకముందే స్టెరాయిడ్ ఇస్తే, ఒకవేళ అది లింఫోమా అయితే బిళ్ళ కొన్నాళ్ళు కరిగిపోతుంది, అందరూ సంతోషిస్తారు, ఆ తర్వాత ముక్క తీస్తే పాథాలజిస్ట్‌కి చూడాల్సిన సెల్సే దొరకవు. టీబీ మందులు పెట్టి చూద్దాం అన్నా అంతే, రెండు మూడు నెలలు అలా గడిచిపోతాయి.

రెండోది, జీల్ నీల్సన్‌లో కనపడలేదు అంటే టీబీ లేదని కాదు. రంగుకి కనపడాలంటే బ్యాక్టీరియా చాలా ఉండాలి. కల్చర్ చేయాలి, అంటే బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూడాలి, జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ జీన్ పరీక్ష చేయాలి. కానీ ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కల్చర్ ఇంక కుదరదు. అందుకే బిళ్ళ తీసేటప్పుడు చిన్న ముక్క విడిగా సెలైన్‌లో పంపమని సర్జన్‌కి ముందే చెప్పాలి. ఇది మేం వార్డులో మర్చిపోతుంటాం, తర్వాత పాథాలజిస్ట్ ఫోన్ చేసి సెలైన్‌లో ఏదైనా పంపారా అంటే నోట మాట రాదు. మీ తమ్ముడిది పంపారేమో కనుక్కోండి.


నిద్రపట్టని_అక్క:

అప్‌డేట్. నిన్న సాయంత్రం ఫైనల్ వచ్చింది. క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా.

రెండుసార్లు చదివాను. ఐహెచ్‌సీలో ఆ పెద్ద సెల్స్ మీద ఏ ప్రోటీన్ ఉంది, ఏది లేదు అని, సీడీ30 పాజిటివ్, సీడీ15 పాజిటివ్, పాక్స్5 వీక్‌గా పాజిటివ్, సీడీ45 నెగెటివ్, సీడీ20 నెగెటివ్, సీడీ3 నెగెటివ్, ఆల్క్ నెగెటివ్, అని ఒక్కోటి రాశారు. చివర్లో, గ్రాన్యులోమాలు ఈ జబ్బుకి రియాక్షన్‌గా వచ్చినవి కావచ్చు అని కూడా రాశారు. సెలైన్ ముక్క పంపారట, అందులో జీన్‌ఎక్స్‌పర్ట్ నెగెటివ్, కల్చర్ ఇంకా టైమ్ పడుతుంది అన్నారు.

అమ్మకి చెప్పడం కష్టమైంది. టీబీ అయితే బావుండేది కదా అని ఏడ్చింది. తమ్ముడు మాత్రం పేరు తెలిసింది కదా అన్నాడు, రెండున్నర నెలల్లో మొదటిసారి రాత్రి వాడు నాకన్నా ముందు నిద్రపోయాడు. ఆంకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ సోమవారం. పీఈటీ సీటీ అనే స్కాన్ చేస్తారట. నేను ఏమేం అడగాలో చెప్పండి.


వార్డు_డాక్టర్:

బాధగానే ఉంటుంది, కానీ ఒక మాట నమ్మండి, ఈ జబ్బు క్యాన్సర్లలో బాగా నయమయ్యేవాటిలో ఒకటి, ఈ వయసులో మరీను. ఎక్కువమందికి పూర్తిగా తగ్గిపోతుంది. పీఈటీతో ఎక్కడెక్కడ ఉందో, ఏ స్టేజో తెలుస్తుంది. పీఈటీ చేస్తే చాలామందికి ఎముక మూలుగ పరీక్ష కూడా అక్కర్లేకుండా పోతుంది. ఆరు నెలల్లో బరువు పదో వంతు కన్నా ఎక్కువ తగ్గాడా, జ్వరం 38 డిగ్రీలు దాటుతోందా, ఈ రెండూ చెమటల సంగతీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి, వైద్యం దాన్ని బట్టి కూడా మారుతుంది. గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తారు, మందుల వల్ల వాటికి ఇబ్బంది రావచ్చు కాబట్టి.

ఇంకొకటి, కీమో మొదలయ్యే ముందే అడగాల్సింది, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. వీర్యం భద్రపరచుకోవడం గురించి మీ తమ్ముడిని డాక్టర్‌తో విడిగా మాట్లాడనివ్వండి. మీ ముందు అడగడానికి మొహమాటపడతాడు, 24 ఏళ్ళ కుర్రాడు.


స్లైడ్_చదివే_డాక్టర్:

అక్కా, స్లైడ్లూ బ్లాకులూ కూడా సోమవారం తీసుకెళ్ళండి. ఆంకాలజీ హాస్పిటల్‌లో వాళ్ళ పాథాలజిస్ట్ ఇంకోసారి చూస్తారు, చూడాలి కూడా. వాళ్ళ ఫారంలో ఆ గడి ఈసారి మీరే దగ్గరుండి నింపించండి. ఇంకొక చిన్న కోరిక. వైద్యం అయ్యాక మీ తమ్ముడు ఎలా ఉన్నాడో ఆ ల్యాబ్ డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేసి చెప్పండి. రిపోర్ట్ వెళ్ళిపోయాక ఆ మనిషి ఏమయ్యాడో మాకు ఎవరూ చెప్పరు.


నిద్రపట్టని_అక్క:

తప్పకుండా చెప్తాను డాక్టర్ గారూ. ఆవిడ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను. స్లైడ్ల కోసం రేపు 10 గంటలకి రమ్మన్నారు, తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, ఆ సెల్ ఎలా ఉంటుందో చూపిస్తారా అని ఆవిడని అడుగుతాడట.